నలభై ఒక్క మంచాలు

మధ్యాహ్నం ఒంటిగంటా యాభై నిమిషాలకి నేను పోలీస్ స్టేషన్ మెట్లెక్కాను. ఐదింటికి టీచరమ్మని అరెస్టు చేస్తారు. అంటే నా చేతిలో మూడు గంటల పది నిమిషాలున్నాయి. ఇంతకంటే తక్కువ వ్యవధిలో తప్పిపోయిన భర్తల్ని వెతికి తెచ్చాను కానీ, వాళ్ళు ఎక్కడుంటారో భార్యలకి ముందే తెలుసు. ఇప్పుడు వెతకాల్సింది నలభై ఒక్కమందిని. పైగా వాళ్ళసలు భూమ్మీదే లేరని ఇన్‌స్పెక్టర్ గారి వాదన.

సంగతేమిటంటే, మా జిల్లా చిన్నది. మూడే మూడు డివిజన్లు. ఏటికి ఇవతలున్న మా డివిజన్ వాటిలో కడగొట్టుది. జనాభా పదివేలకి ఒక్కరు తగ్గినా దాన్ని రద్దుచేసి అవతలి గట్టు డివిజన్లో కలిపేస్తారు. ఆఫీసు, ఆసుపత్రి, హైస్కూలు అన్నీ పడవెక్కి పోతాయి. ఈసారి జనాభా లెక్క పదివేల ఇరవై మూడు అని సోమవారం తేలింది. అమ్మయ్య అనుకున్నాం. మంగళవారం ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. మిల్లు ఆడవాళ్ళ హాస్టల్లో నలభై ఒక్కమంది లేని మనుషుల్ని, అక్కడ జనాభా లెక్క రాసిన టీచరమ్మ తన పుస్తకంలో పుట్టించిందని దాని సారాంశం. ఆ నలభై ఒకటీ తీసేస్తే మిగిలేది తొమ్మిదివేల తొమ్మిది వందల ఎనభై రెండు.

టీచరమ్మ స్టేషన్ బల్ల మీద కూర్చుని పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. వెన్ను నిటారుగా ఉంది. చేతిలో ఎర్ర పెన్ను ఆగడం లేదు.

"మీ హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పంపారు," అన్నాను. "హాస్టల్లో ఎంతమందున్నారు?"

"పుస్తకంలో రాసినంతమంది."

"ఎనభై రెండు రాశారు. ఇన్‌స్పెక్టర్ గారికి నలభై ఒక్కమందే కనబడ్డారు. మిగతావాళ్ళేరి?"

"చెప్పకూడదండి."

"ఎందుకని?"

"ప్రమాణం చేశాను. లెక్కకి వెళ్ళినప్పుడు జనం చెప్పిన మాట ఇంకొకరికి చెప్పనని. పోలీసులకైనా, కోర్టుకైనా, కన్నతల్లికైనా."

"కన్నతల్లి కూడా ప్రమాణంలో ఉందా?"

"అది నేను కలుపుకున్నాను." మొదటిసారి కొంచెం నవ్వింది. వెంటనే ఒక లెక్కకి గట్టిగా తప్పు కొట్టింది. ఆ నవ్వు చూశాక నాకు అర్థమైంది, ఈవిడ కాకిలెక్కలు రాసే మనిషి కాదు. కానీ ఐదింటికి జైలుకి పోయే మనిషి మాత్రం అవుతుంది, నోరు విప్పకపోతే.

అడగాల్సింది వాళ్ళ గురించి కాదు, ఆవిడ గురించి. "మీరు హాస్టల్‌కి ఏరోజు వెళ్ళారు? అది మీ సొంత సంగతి, చెప్పొచ్చు."

ఆవిడ ఒక క్షణం ఆలోచించింది. "ఆదివారం. మిగతా రోజులు బడి కదండీ. పదకొండింటికి లోపలికెళ్ళాను, రెండున్నరకి బయటికొచ్చాను."

"ఒక మనిషి వివరాలు రాయడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండున్నర నిమిషాలు. ముసలివాళ్ళయితే మూడు. వయసు దగ్గర ఆగిపోతారు."

నేను వేళ్ళ మీద గుణించాను. నలభై ఒక్కమందికి గంటన్నర దాటి ఇంకాస్త. ఎనభై రెండుకి మూడుగంటల పాతిక నిమిషాలు. ఆవిడ లోపలున్నది మూడున్నర గంటలు. లేని మనుషుల్ని రాయడానికి అంతసేపు ఎవరూ కూర్చోరు. ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో రాసేస్తారు.

"ఏంటి, గుణకారాలా?" అంటూ గుమ్మంలో నిలబడ్డాడు ఇన్‌స్పెక్టరు. స్టేషన్లో ఆయన్ని ఇన్‌స్పెక్టర్ గారూ అనాలి, ఇంట్లో బావా అనాలి. మా అక్క మొగుడు. కోపమొస్తే నాకు రెండూ కలిసిపోతాయి.

"నువ్వు ఎప్పుడెప్పుడు లెక్కపెట్టావు బావా?"

"బుధవారం పగలు పదకొండింటికి, నలభై ఒకటి. నిన్న రాత్రి పదింటికి మళ్ళీ వెళ్ళా. నలభై ఒకటి. రెండుసార్లూ అందరూ ముసుగుతన్ని నిద్ర. ఒక్క తల ఎక్కువా లేదు, ఒక్క తల తక్కువా లేదు."

"ముఖాలు చూశావా?"

"నిద్రపోయే ఆడవాళ్ళ దుప్పట్లు లాగమంటావా? మీ అక్క ఊరుకుంటుందా?"

"ఆదివారం దాకా ఆగలేదేం?"

"ఆదివారం నాకు సెలవు."

ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. నేను ఇంకేం మాట్లాడకుండా గొడుగు తీసుకుని బయటపడ్డాను.

రెండూ ముప్పావుకి హాస్టల్ గుమ్మంలో ఉన్నాను. వార్డెనమ్మ నడుముకి తాళాలగుత్తి, నోటికి తాళం. "నలభై ఒక్కమందే," అంది నేనింకా అడగకముందే. ఆవిడ తల వెనక గోడ మీద బోర్డు ఉంది. మంచానికి ఒక్కరే. మీరితే హాస్టల్ ఖాళీ చేయాలి. కింద మిల్లు మేనేజరు సంతకం.

"ఊరికే చూసి పోతాను, ఎవర్నీ లేపను," అని చెప్పులు విప్పాను.

పొడుగాటి హాలు. రెండు వరసల్లో ఇనప మంచాలు, ఒక్కోదాని కాలికి తెల్లరంగుతో నంబరు. మంచానికొకరు చొప్పున నలభై ఒక్కమంది గాఢనిద్రలో ఉన్నారు. తొమ్మిదో మంచమ్మ గురక ఒక్కటే ఆరుగురికి సరిపోతుంది. తలలు మా బావ చెప్పినన్నే. ఆయన అబద్ధం ఆడడు, చూసినంత మేరకే చూస్తాడు.

ఈ వెతుకులాట పనిలోకి రాకముందు నేను ఇరవై రెండేళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు గళ్ళలోకి వేరుచేశాను. గళ్ళు కనబడితే లెక్కపెట్టకుండా ఉండలేను. స్నానాల గది గోడకి సబ్బుపెట్టెల అర ఉంది. అందులో ఎనభై రెండు సబ్బుపెట్టెలు. సగం తడి, సగం పొడి. మళ్ళీ హాల్లోకి వచ్చాను. ప్రతి మంచం పైనా గోడకి రెండేసి మేకులు. ప్రతి మంచం కిందా రెండు రేకు పెట్టెలు, వాటి వెనక చుట్టపెట్టిన చాప ఒకటి. మంచం ఉన్న మనిషికి చాప దేనికి?

నవ్వు ఆపుకోలేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. వార్డెనమ్మ కంగారుగా వచ్చి నా ముఖంలోకి చూసింది.

"మిల్లు షిఫ్టులు ఎన్నింటికమ్మా?" అన్నాను.

ఆవిడ నడుము దగ్గర గుత్తిని గట్టిగా పట్టుకుంది. తాళాలు చప్పుడు చేయడం మానేశాయి.

"నేనే చెప్పనా? పొద్దున ఆరింటికి నలభై ఒక్కమంది పనికి పోతారు. అదే ఆరింటికి నలభై ఒక్కమంది పని దిగి వస్తారు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. మంచం చల్లారదు. ఆదివారం మిల్లు మూత గనక అందరూ ఇక్కడే. ఒకరు మంచం మీద, ఒకరు కింద చాప మీద. టీచరమ్మ వచ్చింది ఆదివారం."

వార్డెనమ్మ నా పక్కన కూలబడింది. "చెప్పకమ్మా, నీకు దణ్ణం పెడతా. ఈ పిల్లలకి ఊళ్ళో గది ఎవరిస్తారు? మేనేజరుకి తెలిస్తే నలభై ఒక్కమంది రోడ్డు మీద పడతారు. టీచరమ్మకి చెప్పేటప్పుడే ఒట్టు వేయించుకున్నాం. ఆవిడ ఎవరికీ చెప్పనంది."

"చెప్పలేదు. అందుకే ఐదింటికి జైలుకి పోతోంది."

ఆవిడ నోరు తెరుచుకుపోయింది. "జైలుకా? ఎందుకు?"

"లేనివాళ్ళని ఉన్నట్టు రాసిందని కేసు. ఇన్‌స్పెక్టరు మీకు చెప్పలేదా?"

"ఆ మహానుభావుడు వచ్చాడు, తలలు లెక్కపెట్టాడు, పోయాడు. మేనేజరే పంపాడనుకుని నలభై ఒకటే అని నేను కూడా తలూపాను." కొంగుతో కళ్ళు ఒత్తుకుని లేచింది. "ఉండు, ఇది నేను ఒక్కదాన్నే తేల్చే మాట కాదు."

లోపలికి వెళ్ళి ఒకటో మంచం మీద మనిషిని తట్టింది. అందరూ పెద్దక్క అని పిలిచే మనిషట, మిల్లులో ఇరవై ఏళ్ళ నుంచీ రాత్రి షిఫ్టే. ఆవిడ లేచి, సంగతి విని, జుట్టు ముడేసుకుంది. తర్వాత హాలు మధ్యలో నిలబడి ఒక్క కేక వేసింది. తొమ్మిదో మంచమ్మ గురక కూడా ఆగిపోయింది.

"మన మాట బయటపడకూడదని టీచరమ్మ జైలుకి పోతోందట. నిద్ర రేపైనా పోవచ్చు. లేవండి."

నలభై ఒక్కమంది లేచారు. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు.

సరిగ్గా అప్పుడే, మూడూ ఇరవైకి, మా బావ జీపు దిగాడు. నేను తలుపు దగ్గరికి వేసి అడ్డంగా నిలబడ్డాను.

"ఏం దొరికింది డిటెక్టివ్ మరదలు గారూ?"

"ఏం దొరకలేదు."

"ముఖం వెలిగిపోతోందే."

"ఎండకి."

"చూడు, ఇందులో నువ్వు ఏదైనా దాస్తే నీ మీద కూడా కేసు పెడతా. చుట్టరికం చూడను."

"పెట్టు. రాత్రి అన్నం అక్క చేతే వడ్డించుకోవాలి కదా, అప్పుడు చెప్దువుగాని." ఆయన మీసం ఒక పక్కకి లాగింది. నేను గొంతు తగ్గించాను. "బావా, ఇది నా రహస్యం కాదు. చెప్పాల్సినవాళ్ళే చెబుతారు. నాలుగుంబావుకి మిల్లు గేటు దగ్గరికి రా. తలలు లెక్కపెట్టే ఆ వేలు తెచ్చుకో, చాలు."

"రాకపోతే?"

"రాకపోతే రెండుసార్లు లెక్కపెట్టి రెండుసార్లూ తప్పు లెక్కపెట్టిన ఇన్‌స్పెక్టరని నీకు పేరొస్తుంది. మా అక్క ఆ పేరుతోనే పిలుస్తుంది."

ఆయన తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి జీపెక్కాడు. బెదిరింపులకి లొంగే మనిషి కాడు. అక్కకి లొంగుతాడు.

మిల్లులో టీ విరామం నాలుగుంబావుకి. పది నిమిషాలు. గంట కొట్టగానే పగలు షిఫ్టువాళ్ళు వాకిట్లోకి వచ్చారు, తల నిండా దూది పింజలు, చేతుల్లో టీ గ్లాసులు. గేటు ఊచలకి ఇవతల రాత్రి షిఫ్టువాళ్ళు నిలబడి ఉన్నారు, కళ్ళ నిండా నిద్ర. అటువాళ్ళు ఇటువాళ్ళని చూసి ఠక్కున ఆగిపోయారు. ఆదివారం తప్ప ఒకళ్ళ ముఖం ఒకళ్ళు వెలుతుర్లో చూసుకోని మనుషులు.

పెద్దక్క సంగతంతా రెండు ముక్కల్లో చెప్పి, మా బావ వైపు తిరిగింది. "సారూ, మేము మంచాల వరసన పిలుస్తాం. మీరు లెక్కపెట్టుకోండి. ఒకటో మంచం."

ఆవిడ గేటు ఊచల్లోంచి చెయ్యి చాపింది. లోపల్నుంచి ఒక బక్కపలచటి అమ్మాయి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"రెండు," అన్నాడు బావ. ఆయన గొంతులో పోలీసుతనం అప్పటికే సగం దిగిపోయింది.

"రెండో మంచం." "మూడో మంచం." చేతులు కలుస్తున్నాయి. మధ్యలో కబుర్లు కూడా. "నీ దువ్వెన పన్ను విరిగింది, నేనే విరగ్గొట్టా, తిట్టుకోకు." "దిండు కింద మీ అమ్మ ఉత్తరం పెట్టా, చూశావా?" "తొమ్మిదో మంచం నీదా? నీ గురకకి దుప్పట్లో దూది కూడా లేచిపోతోందని మీవాళ్ళంటున్నారు." ఆ మాటకి అటూ ఇటూ ఎనభైమంది నవ్వారు. బావ లెక్క తప్పాడు. మళ్ళీ మొదటినుంచీ అన్నాడు. ఎవరూ విసుక్కోలేదు, మళ్ళీ చేతులు పట్టుకోవచ్చు కదా.

నాలుగూ ఇరవై నాలుగుకి నలభై ఒకటో మంచం పిలిచారు. బావ తన వేలు తనే చూసుకున్నాడు. "ఎనభై రెండు," అన్నాడు మెల్లగా.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. వాకిట్లో ఏం జరిగిందో చూశాడు, అర్థం చేసుకున్నాడు, ఎర్రబడ్డాడు. "మంచానికి ఒక్కరే అని రూలుంది."

పెద్దక్క గేటు ఊచలు వదలకుండానే అంది. "ఉందండీ. ఒక్కరే పడుకుంటున్నాం, ఒకేసారి ఇద్దరం ఎప్పుడూ పడుకోలేదు. రాత్రివాళ్ళని పంపేస్తే పగటివాళ్ళూ పోతారు. మంచం ఒకటే కదా మరి. ఆరింటికి మిషన్ల దగ్గర ఎవరుంటారో మీరే చూసుకోండి."

మేనేజరు వాకిలి మొత్తం ఒకసారి కలయజూశాడు. టీ విరామం అయిపోయిన గంట కొట్టారు. ఎవరూ కదల్లేదు. ఆయన గొంతు సవరించుకుని, బోర్డు పాతదని, తీయించేస్తానని అన్నాడు. అప్పుడు కదిలారు. గేటుకి రెండువైపులా లేచిన చప్పట్లు స్టేషన్లో టీచరమ్మకి వినిపించే ఉంటాయి.

మా బావ జేబులోంచి అరెస్టు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. చించడు, ప్రభుత్వ కాగితం. "సరే, నువ్వు గెలిచావు. కానీ జిల్లా ఆఫీసుకి పోయే జనాభా లెక్కల పెట్టె ఐదింటికి మూసేస్తారు, ఆలోగా డివిజన్ అధికారి చేత ఫిర్యాదు కొట్టేయించాలి."

"ఆ ఆకాశరామన్న ఉత్తరం ఒకసారి ఇటియ్యి."

ఇచ్చాడు. కవరు చూడగానే నా ఇరవై రెండేళ్ళ ఉద్యోగం లేచి కూర్చుంది. స్టాంపు కొత్తగా మెరుస్తోంది, దాని మీద పోస్టు ముద్ర లేదు. "బావా, ఇది ఏ పోస్టాఫీసూ తొక్కలేదు. నీ బల్ల మీదికి ఎలా వచ్చింది?"

"డివిజన్ ఆఫీసు టపాలో." అన్నాక ఆగిపోయాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అది ఒక్కోసారి మంచిదే.

"హాస్టల్లో ఎనభై రెండు రాసి ఉందని బయట ఎవరికీ తెలీదు. టీచరమ్మ పుస్తకం తిరగేసింది ఒక్కరే. మంచాలు నలభై ఒకటని తెలిసినవాళ్ళు కొందరే. రెండూ తెలిసిన మనిషి ఎవరు?"

జీపు స్టేషన్ దగ్గర ఒక్క నిమిషం ఆగింది, టీచరమ్మ కోసం. దిద్దిన పుస్తకాలు కట్టగట్టుకుని వచ్చి ఎక్కింది. నాలుగూ నలభైకి ముగ్గురం డివిజన్ ఆఫీసు గదిలోకి అడుగుపెట్టాం.

అధికారి బల్ల ఖాళీగా ఉంది. గోడ పక్కన తాళ్ళతో బిగించిన నాలుగు అట్టపెట్టెలు. ఆయన పేరు చెక్కిన చెక్కముక్క పాత పేపర్లో చుట్టి పైన పెట్టి ఉంది. డివిజన్ పోతుందో లేదో ఇంకా ఎవరికీ తెలీకముందే ఈయన సామాను సర్దుకున్నాడు.

నేను కవరు బల్ల మీద పెట్టాను. ఆయన స్టాంపు వైపు చూసి కళ్ళు దించుకున్నాడు. యాభై దాటిన మనిషి, చొక్కా కాలరు ఆయనే ఇస్త్రీ చేసుకున్నట్టుంది.

"తొమ్మిదేళ్ళయింది," అన్నాడు. "నా భార్యా పిల్లలూ అవతలి గట్టున ఉన్నారు. ఆదివారం తప్ప చూడను. ఏటా రెండు దరఖాస్తులు పెట్టాను. డివిజన్ ఉన్నంతకాలం బదిలీ లేదన్నారు. లెక్క పదివేలు దాటిన రోజు నాకు అన్నం సహించలేదు. హాస్టల్ పర్మిట్ మీద సంతకం పెట్టేది నేనే, నలభై ఒక్క మంచాలు. పుస్తకంలో ఎనభై రెండు. కాకిలెక్క అనుకున్నాను. అలా అనుకుంటే నాకు కలిసొచ్చింది."

నాకు అర నిమిషం జాలేసింది. తర్వాత పక్కన నిలబడ్డ టీచరమ్మని చూశాను, ఆ జాలి పోయింది.

"ఫిర్యాదు కొట్టేసి పదివేల ఇరవై మూడు అని రాసి సంతకం పెట్టండి," అన్నాడు బావ.

ఆయన పెట్టాడు. అంకెలు సరిగ్గానే వేశాడు. కాగితం అందిస్తూ, "దీనివల్ల ఉపయోగం లేదండీ," అన్నాడు. "పెట్టె ఇక్కడ లేదు. ఐదింటిదాకా ఉంచాల్సింది, నేను ఉంచలేదు. నాలుగింటికే సీలు వేసి మా అటెండరుతో పంపేశాను. ఐదింటి పడవకి. అందులో తొమ్మిదివేల తొమ్మిది వందల ఎనభై రెండే ఉంది. టీచరుగారు దొంగలెక్క రాసిందని నా రిపోర్టు కూడా ఉంది. జిల్లా ఆఫీసులో పెట్టె తెరిస్తే ఇక మార్చే అధికారం ఎవరికీ లేదు."

గోడ గడియారం నాలుగూ నలభై తొమ్మిది చూపిస్తోంది. రేవు రెండు మైళ్ళు.

మా బావ కాగితం లాక్కుని ఒక్క అంగలో గుమ్మం దాటాడు. "మీరూ ఎక్కండి," అని అధికారి మీద అరిచాడు. "సీలు మీరే విప్పాలి. ఎలాగూ అవతలి గట్టుకే కదా, మీ పిల్లల్నీ చూద్దురుగాని." ఆయన అట్టపెట్టెలన్నీ వదిలేసి పరుగెత్తుకొచ్చి వెనక సీట్లో పడ్డాడు.

జీపు వీధి మలుపు తిరుగుతుండగా రేవు వైపు నుంచి పడవ మొదటి కూత వినబడింది. రెండో కూతకి తాడు విప్పుతారు. బావ స్టీరింగు మీదికి వంగి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "టీచరమ్మా, ఇప్పుడంతా తెలిసిపోయింది కదా. నా తృప్తి కోసం ఒక్క మాట చెప్పు. హాస్టల్లో ఎనభై రెండుమందే కదా?"

టీచరమ్మ పుస్తకాల కట్ట ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో సీటు అంచు పట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"మీరు లెక్కపెట్టుకున్నారు కదా సార్," అంది. "నేను చెప్పకూడదు. కాస్త తొందరగా పోనివ్వండి."